నలభై నాలుగో ఏట మళ్ళీ విద్యార్థి
గిడుగు వేంకట రామమూర్తి పంతులు జీవితం నేర్పే పాఠం

చీకటి అంటే భయం బాల్యంతోనే పోతుంది. మార్పు అంటే భయం మాత్రం వయసుతోపాటు పెరుగుతూ వస్తుంది. చదువు పూర్తయి, ఉద్యోగం స్థిరపడి, నలుగురిలో పేరు వచ్చిన తరవాత, ఇంతకాలం నమ్మినదానిలో పొరపాటు ఉందేమో అని తనను తాను ప్రశ్నించుకోవడం ఎంతటివారికైనా కష్టమే. నేర్చినదాన్ని వదులుకుంటే తాను ఏమవుతానో అన్న శంక మనిషిని కదలనీయదు. అటువంటి శంకను ఒకసారి కాదు, జీవితంలో పలుమార్లు ఎదుర్కొని దాటిన మహనీయుడు మన పర్లాకిమిడిలో 50 ఏళ్ళకు పైగా నివసించారు. ఆయనే వ్యావహారిక భాషోద్యమ పితామహుడుగా ప్రసిద్ధికెక్కిన గిడుగు వేంకట రామమూర్తి పంతులు.

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆనాడు పంతులుగారి పటానికి పూలమాల వేసి, ఆయన వాడుక భాష కోసం పోరాడారని ఒక వాక్యం చెప్పి ముగిస్తాం. ఆ పోరాటం వెనుక ఉన్న మనిషి ఎలా మారాడు, ఏ వయసులో మారాడు, ఆ మార్పుకు ఏ మూల్యం చెల్లించాడు అన్నది అంతగా తలచుకోం. సరిహద్దు జిల్లాల్లో ఉంటున్న మనకు ఆ కథ మరింత ఆత్మీయమైనది.

తండ్రి లేని బాల్యం

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలో, వంశధార తీరాన ఉన్న పర్వతాలపేట గ్రామంలో జన్మించారు. ఆ ప్రాంతం ఆనాడు గంజాం జిల్లాలో ఉండేది. తండ్రి వీర్రాజుగారు పర్లాకిమిడి సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. తండ్రికి చోడవరం బదిలీ అయింది. అక్కడ విషజ్వరం సోకి ఆయన మరణించారు. అప్పటికి రామమూర్తిగారికి పన్నెండేళ్ళ వయసు.

తండ్రి అండ పోయిన బాలుడు విశాఖపట్నంలో మేనమామ ఇంటికి చేరాడు. ఊరు మారింది, ఇల్లు మారింది, బడి మారింది. అక్కడే చదువు సాగించి 1879లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. పై చదువులకు వెళ్ళే స్తోమత లేదు. కుటుంబ భారం భుజాన ఉంది. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతంపై ఉపాధ్యాయుడుగా చేరారు. మొదటి ఫారం విద్యార్థులకు చరిత్ర బోధించడం ఆయన పని.

ఆనాటి లెక్క ప్రకారం అది గౌరవప్రదమైన కొలువు. అక్కడే ఆగిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కారు. రామమూర్తిగారు ఆగలేదు. పగలు పాఠాలు చెబుతూ, ఇంట్లో స్వయంగా చదువుకుంటూ 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పరీక్షలు ప్రైవేటుగా ప్యాసయ్యారు. ఒక పరీక్షకూ మరో పరీక్షకూ మధ్య పదేళ్ళు గడిచాయి. బి.ఏ. పట్టా చేతికి వచ్చేనాటికి ఆయనకు 33 ఏళ్ళు. తొందరపడకుండా, విరమించకుండా ముందుకు సాగే స్వభావం ఆయనకు ఆనాటినుంచే ఉంది.

చిన్ననాటినుంచి చరిత్ర మీద ఆయనకు మక్కువ. శ్రీముఖలింగ దేవాలయంలోని శాసనాలను ఎందరో చూసి ఉంటారు. వాటిని చదవాలంటే ప్రాచీన లిపి తెలియాలి. నేర్పే గురువు దొరకలేదు. పుస్తకాలు ముందు పెట్టుకుని తానే ఆ లిపి నేర్చుకుని శాసనాలు చదివారు. తెలియని అక్షరాన్ని చూసి వెనక్కి తగ్గని ఈ గుణమే తరవాతి కాలంలో తెలియని భాష వైపు, ఆపైన తెలియని దారి వైపు ఆయనను నడిపించింది.

కొండ దిగివచ్చిన భాష

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండల్లో సవరలు నివసిస్తారు. కట్టెలు, అటవీ ఫలాలు అమ్ముకునేందుకు సంతలకు దిగివస్తారు. వారి మాట మైదానంలోని షావుకారుకూ, కచేరీలోని గుమాస్తాకూ అర్థం కాదు. అర్థం కాకపోవడం వల్ల నష్టపోయేది ఎప్పుడూ సవరలే. తూకంలో మోసం జరిగినా, కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నా అడిగే నోరు వారికి లేకపోయింది.

సవర భాష ముండా భాషా కుటుంబానికి చెందినది. తెలుగుతో గానీ, ఒడియాతో గానీ దానికి చుట్టరికం లేదు. రామమూర్తిగారు పనిచేసేది రాజావారి పాఠశాలలో. జన్మించినది బ్రాహ్మణ కుటుంబంలో. ఆ కాలంలో అటువంటి ఉపాధ్యాయుడు సవర భాష నేర్చుకోవాలని అనుకోవడమే వింత. ఆయన అనుకోవడంతో ఆగక, సవర, తెలుగు రెండూ తెలిసిన వ్యక్తిని తన ఇంట్లోనే ఉంచుకుని ఆ భాష నేర్చుకున్నారు. కులాచారాలు గట్టిగా పాటించే ఆ రోజుల్లో అది సామాన్యమైన విషయం కాదు. నలుగురు ఏమనుకుంటారో అన్న భయం మార్పుకు మొదటి అడ్డంకి. ఆయన దాన్ని తన గడపలోనే దాటారు.

భాష నేర్చుకున్నాక సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పాలని సంకల్పించారు. అందుకు పుస్తకాలు లేవు కాబట్టి తానే రాశారు. బడులు లేవు కాబట్టి సొంత డబ్బుతో పెట్టించారు. ఉపాధ్యాయులకు జీతాలు తానే ఇచ్చారు. మద్రాసు ప్రభుత్వం ఈ కృషిని గుర్తించి 1913లో ఆయనకు రావు బహదూర్ బిరుదు ప్రదానం చేసింది.

అడవుల్లో తిరగడం వల్ల ఆయనకు మలేరియా సోకింది. ఆ జ్వరానికి ఆనాడు ఉన్న మందు క్వినైన్ ఒక్కటే. దాని ప్రభావం వల్ల వినికిడి శక్తి దెబ్బతిని, జీవితాంతం చెవుడు మిగిలింది. మనుషుల నోటి మాటను విని, ఆ మాటలోని స్వరభేదాలను పట్టుకుని గ్రంథస్థం చేయడమే జీవిత లక్ష్యంగా పెట్టుకున్న వ్యక్తికి చెవులే సహకరించకపోవడం కన్నా కఠిన పరీక్ష ఏముంటుంది? మరొకరైతే అది విధి నిర్ణయమని సరిపెట్టుకుని పని మానుకునేవారు. ఆయన మానలేదు. ఆనాడు కొత్తగా వెలువడుతున్న భాషాశాస్త్ర గ్రంథాలు తెప్పించి చదివి, వ్యాకరణం ఎలా నిర్మించాలో నేర్చుకున్నారు. సుమారు 35 ఏళ్ళ పరిశ్రమ ఫలితంగా ఆంగ్లంలో రచించిన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో ప్రభుత్వ ముద్రణగా వెలువడ్డాయి. వ్యాకరణం అచ్చయ్యేనాటికి ఆయన వయసు డెబ్బైకి చేరువైంది.

ఒక ప్రశ్న తెచ్చిన మలుపు

ఇంతవరకూ చెప్పినది కొత్తవి నేర్చుకున్న కథ. నేర్చుకోవడం ఒక ఎత్తు. అలవాటైన పద్ధతిని తిరిగి పరీక్షకు పెట్టడం మరో ఎత్తు. ఆ ఘట్టం 1907లో వచ్చింది.

ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలలకు జె.ఏ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. తరగతుల్లో తెలుగు ఎలా బోధిస్తున్నారో గమనించారు. పండితుడు పద్యం రాగయుక్తంగా చదివి, ప్రతిపదార్థం చెప్పి ముగిస్తున్నారు. పిల్లలు వల్లె వేస్తున్నారు. ప్రజలు మాట్లాడే భాష ఒకటి, పుస్తకాల్లో ఉన్న భాష మరొకటి. ఈ తేడా ఎందుకు ఉన్నదని యేట్స్‌కు సందేహం కలిగింది. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగారు. సమాధానం చెప్పగలవారు విజయనగరంలో గురజాడ అప్పారావుగారు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు అని అయ్యంగారు సూచించారు.

ఆ ప్రశ్న వచ్చేనాటికి రామమూర్తిగారికి నలభై నాలుగో ఏడు నడుస్తోంది. ఉపాధ్యాయ వృత్తిలో 27 ఏళ్ళు గడిచాయి. పాతికేళ్ళకు పైగా ఏ పద్ధతి మధ్య పనిచేశారో ఆ పద్ధతి సరైనదేనా అని అడిగే ప్రశ్న అది. బయటివాడు, పరాయి దేశస్థుడు, అధికారి అడిగిన ప్రశ్న. మన భాష సంగతి వీరికేమి తెలుసునని తోసిపుచ్చడం ఎంత తేలిక! అభిమానం కూడా అడ్డు రావలసిన సందర్భమే. రామమూర్తిగారు అలా చేయలేదు. ప్రశ్న అడిగినవారు ఎవరని చూడక, ప్రశ్నలో నిజం ఉన్నదా లేదా అని చూశారు.

చూడగా నిజం కనబడింది. పిల్లవాడు ఇంట్లో వచ్చాడు అంటాడు. బడిలో వచ్చెను అని రాయాలి. వీధిలో చేస్తున్నాడు అంటాడు. పరీక్షలో చేయుచున్నాడు అని రాయకపోతే మార్కులు పోతాయి. నోట ఎక్కడా పలకని అరసున్న పలక మీద మాత్రం తప్పకుండా పెట్టాలి. సరళాదేశ గసడదవాదేశాల మధ్య పిల్లవాడి ఆలోచన చిక్కుకుపోతుంది. చెప్పదలచుకున్న సంగతి మరచి, తప్పు రాయకుండా ఎలా తప్పించుకోవాలా అని చూస్తాడు. చదువుకున్నవారు కొద్దిమందే అయిన దేశంలో ఆ కొద్దిమంది కూడా సొంత మాటలో నాలుగు వాక్యాలు ధైర్యంగా రాయలేని పరిస్థితి.

సవర పిల్లవాడికి అతని ఇంటి మాటలోనే చదువు చెప్పాలని తాను ఎంతోకాలంగా శ్రమిస్తున్నారు. మరి తెలుగు పిల్లవాడికి అదే న్యాయం ఎందుకు వర్తించదు? ఇల్లు దాటి కొండ మీదికి వెళ్ళి నేర్చుకున్న సత్యాన్ని తిరిగి తన ఇంటికి తెచ్చుకోవలసి వచ్చింది. ఆ తరవాత ఆయన మళ్ళీ విద్యార్థి అయ్యారు. హెన్రీ స్వీట్ వంటి పాశ్చాత్య భాషావేత్తల గ్రంథాలు చదివారు. నన్నయనాటినుంచి ఉన్న తెలుగు కావ్యాలను, శాసనాలను కొత్త దృష్టితో తిరిగి పరిశీలించారు. మాటతోపాటు రాత కూడా కాలానుగుణంగా మారుతూనే వచ్చిందని ఆధారాలతో గ్రహించారు. గురజాడ, గిడుగు, శ్రీనివాస అయ్యంగారు, యేట్స్, ఈ నలుగురూ వ్యావహారిక భాషోద్యమానికి ఆద్యులయ్యారు.

1911లో రామమూర్తిగారు కళాశాల ఉద్యోగం నుంచి విరమించారు. అందరికీ విశ్రాంతి మొదలయ్యే చోట ఆయనకు అసలు పని మొదలైంది.

రెండు వైపులా భయమే

1912-13 ప్రాంతంలో స్కూల్ ఫైనల్ పరీక్షలో వ్యాసాన్ని గ్రాంథికంలో గానీ ఆధునిక భాషలో గానీ రాయవచ్చునని ప్రభుత్వం అనుమతించింది. దానితో పండిత లోకంలో కలకలం పుట్టింది. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఆ మార్పును గట్టిగా ప్రతిఘటించింది. జయంతి రామయ్య పంతులుగారు ఆ పక్షానికి నాయకులు. సభలు, విన్నపాలు, ఖండనలు, ప్రతిఖండనలు వరుసగా సాగాయి. రామమూర్తిగారు 1913లో ఆధునిక తెలుగు గురించి ఆంగ్లంలో విపులమైన విజ్ఞాపన ప్రచురించారు. విద్యార్థులకు లభించిన ఆ వెసులుబాటు మాత్రం నిలవలేదు. 1915 నవంబరు 30న గురజాడ మరణించారు. ఉద్యమ భారం దాదాపు ఒంటరిగా మోయవలసి వచ్చింది.

ఆనాటి గ్రాంథికవాదులను మూర్ఖులుగా చిత్రించడం నేడు పరిపాటి అయింది. అది న్యాయం కాదు. వారిలో గొప్ప పండితులు, భాషాభిమానులు ఉన్నారు. రామయ్య పంతులుగారి పూనికతో ఆరంభమైన సూర్యరాయాంధ్ర నిఘంటువు నేటికీ మనకు ఆధారమే. వారిని నడిపించినది ద్వేషం కాదు, భయం. ఒక కట్టు తెగితే భాష అంతా కొట్టుకుపోతుందని, ఒక్కొక్క జిల్లావారు ఒక్కొక్క తీరున రాస్తే ఒకరి మాట మరొకరికి అందదని, ప్రాచీన కావ్యాలు తరవాతి తరానికి అర్థం కాకుండా పోతాయని వారు భయపడ్డారు. ఆ మాటకు వస్తే జీవితమంతా వెచ్చించి సంపాదించిన పాండిత్యం విలువ కోల్పోతుందేమో అన్న బెంగ కూడా మానవ సహజమే.

రామమూర్తిగారు ఈ భయాలకు కోపంతో కాక నిదర్శనాలతో జవాబు చెప్పడానికి పూనుకున్నారు. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణమే ఆనాటి పండితులకు ప్రమాణం. ఆ వ్యాకరణం ఒప్పుకోని ప్రయోగాలు మహాకవుల కావ్యాల్లోనే ఎన్ని ఉన్నాయో ఏరి కూర్చి బాలకవి శరణ్యం రచించారు. గ్రాంథికం తప్ప మరొకటి రాయరాదని వాదించే పండితుల రచనల్లోనే ఆ నియమాలకు విరుద్ధమైన రూపాలు ఎలా దొర్లాయో ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజంలో చూపించారు. పండితులకే పట్టుబడని భాషను పసిపిల్లలకు విధించడం ఎంతవరకు సబబు అన్నదే ఆయన వాదన సారాంశం. పాత కావ్యాలు చదవవద్దని ఆయన ఏనాడూ అనలేదు. చదవడానికి ఒక భాష, నేటి సంగతులు రాయడానికి శిష్టుల నోట నలిగే భాష ఉండాలన్నారు. ఆయన కోరినది కట్టు తెంచడం కాదు, పెరిగిన శరీరానికి తగిన వస్త్రం.

డెబ్బైయేళ్ళ మరో వృద్ధుడు

మార్పుకు వయసు అడ్డు కాదని చెప్పేందుకు ఈ కథలోనే మరో మహాపురుషుడు ఉన్నారు. ఆయన కందుకూరి వీరేశలింగం పంతులు. వితంతు వివాహాలు జరిపించి సంఘాన్ని ఎదిరించిన ధీరుడు. భాష విషయంలో మాత్రం చిరకాలం చిన్నయసూరి బాటలోనే నడిచారు. ఆయన గ్రాంథిక వచనం చదివి తరాలు పెరిగాయి. అటువంటి వీరేశలింగంగారు జీవిత చరమదశలో వాడుక భాష పక్షానికి వచ్చారు.

1919 ఫిబ్రవరి 28న రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. వీరేశలింగంగారు అధ్యక్షులు, రామమూర్తిగారు కార్యదర్శి. అప్పటికి వీరేశలింగంగారికి 71వ ఏడు నడుస్తోంది. మూడు నెలలకే, మే 27న ఆయన కన్నుమూశారు. కీర్తి శిఖరం మీద ఉన్నవారు, తాము నడిచిన దారికి భిన్నమైన దారి పిల్లలకు మేలు చేస్తుందని బహిరంగంగా ఒప్పుకోవడానికి ఎంత నిబ్బరం కావాలి! ఆ సమాజానికి అధ్యక్ష పీఠం స్వీకరించడం వల్ల వీరేశలింగంగారికి లభించే లాభమేదీ లేదు. ఆ నిర్ణయం వెనుక సత్యం పట్ల గౌరవం తప్ప మరే ప్రేరణా కనిపించదు.

అదే ఏడాది రామమూర్తిగారు తెలుగు అనే పత్రిక స్థాపించి సుమారు ఏడాదిపాటు నడిపారు. వినికిడి లేని మనిషి ఊరూరా తిరిగి ఉపన్యసించారు. ఎదుటివారి ఆక్షేపణ చెవికి అందకపోయినా, సంచుల నిండా గ్రంథాలు మోసుకువెళ్ళి పుటలు తెరిచి చూపేవారు. 1924లో కాకినాడలోని ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారిక భాషపై ఉన్న నిషేధాన్ని తొలగించింది. 1925లో తణుకులో జరిగిన పరిషత్తు సభలో రామమూర్తిగారు నాలుగు గంటలపాటు ప్రసంగించి, ప్రయోగాలు ఎత్తి చూపి సభను తన వాదానికి అనుకూలంగా తిప్పుకున్నారు. 1933లో రాజమహేంద్రవరంలో ఆయన సప్తతి మహోత్సవం జరిగింది. తాపీ ధర్మారావుగారి సంపాదకత్వంలో వ్యాస సంగ్రహాన్ని ఆ సందర్భంగా సమర్పించారు. ఒకనాడు భాషాద్రోహి అన్న నిందలు మోసిన వ్యక్తి పాండిత్యానికే ఆ సంపుటంతో నివాళి అందింది.

వదలి వెళ్ళిన ఊరు

ఇక మనకు అతి దగ్గరి ఘట్టం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా అవతరించింది. పర్లాకిమిడి సంస్థానం రెండుగా చీలింది. పట్టణంతో సహా కొంత భాగం ఒరిస్సాలో చేరింది. మిగిలిన గ్రామాలు మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయాయి. పర్లాకిమిడి రాజావారు ఒరిస్సా రాష్ట్ర నిర్మాణానికి కృషి చేసిన ప్రముఖులు. రామమూర్తిగారు ఏ రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా జీవితం ఆరంభించారో ఆ సంస్థానపు నిర్ణయాన్నే ప్రతిఘటించవలసి వచ్చింది. తెలుగువారు అధికంగా ఉన్న గ్రామాలు ఒరిస్సాలో కలవరాదని వాదించారు. పట్టణం విషయంలో ఆయన మాట నెగ్గలేదు.

కొత్త రాష్ట్ర ప్రారంభోత్సవం జరిగే రోజు ఉదయమే ఆయన పర్లాకిమిడి విడిచి వెళ్ళిపోయారు. పదిహేడేళ్ళ వయసులో కొలువుకు వచ్చిన ఊరిని డెబ్బై మూడో ఏట వదిలారు. శేషజీవితం రాజమహేంద్రవరంలో గడిపారు.

ఈ ఘట్టం దగ్గర పాఠకులకు ఒక సందేహం కలగవచ్చు. అందరినీ మారమని బోధించినవారు ఈ ఒక్క మార్పును ఎందుకు అంగీకరించలేకపోయారు? ఇది కూడా మార్పు పట్ల భయమేనా? ఈ ప్రశ్నను దాటవేయడం పంతులుగారి పట్ల గౌరవం అనిపించుకోదు. ఆయనే ప్రశ్నలకు భయపడని మనిషి.

ఆయన జీవితాన్ని మొత్తంగా చూస్తే ఒక సూత్రం కనబడుతుంది. మనిషి నోటికి బలం ఇచ్చే మార్పును ఆయన ఎప్పుడూ స్వాగతించారు. మనిషి నోటి నుంచి మాటను లాక్కునే మార్పును ఎప్పుడూ ఎదిరించారు. సవర పిల్లవాడిపై పరాయి భాష రుద్దకూడదన్నారు. తెలుగు పిల్లవాడిపై చచ్చిన రూపాలు రుద్దకూడదన్నారు. సరిహద్దు గీత మారితే ఇక్కడి తెలుగు పిల్లల చదువు ఏమవుతుందో అన్నదే ఆయన ఆందోళన అయి ఉండాలి. అయినా, ఆ వయసులో ఊరు వదలడమే మరో పెద్ద మార్పు. ఇల్లు, వీధి, శిష్యులు, తాను తిరిగిన కొండలు, అన్నీ వెనుకబడ్డాయి. సుఖంగా ఉన్నచోటనే ఉండిపోయి అసంతృప్తిని గొణుక్కుంటూ బతకడం ఆయనకు చేతకాలేదు.

ఆయన వెళ్ళారు. మన పెద్దలు ఉండిపోయారు. ఎవరి నిర్ణయం సరైనదని తేల్చే తక్కెడ ఎవరి దగ్గరా లేదు. పొలం ఉన్నవారు, వ్యాపారం ఉన్నవారు, పుట్టిన ఊరి మీద మమకారం ఉన్నవారు ఇక్కడే ఉండి ఒడియా నేర్చుకున్నారు, ఇరుగుపొరుగువారితో కలిసిపోయారు, ఇంట్లో తెలుగు నిలుపుకున్నారు. అది కూడా మార్పుకు భయపడకపోవడమే. ఉండిపోవడానికీ ధైర్యం కావాలి.

చివరి విన్నపం

1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో రామమూర్తిగారు పత్రికా సంపాదకుల ముందు నిలిచారు. పత్రికలు ఇంకా గ్రాంథికాన్ని పూర్తిగా వీడని రోజులవి. వాడుక భాషలో రాయవలసిందిగా వారికి విన్నవించుకున్నారు. వారం రోజులకే, జనవరి 22న పరమపదించారు. ఆయన వయసు 76. కుమారుడు గిడుగు వేంకట సీతాపతిగారు భాషాశాస్త్రవేత్తగా తండ్రి బాటను కొనసాగించారు.

ఆయన కోరిన మార్పు సంపూర్ణంగా నెరవేరడం ఆయన చూడలేదు. ఆ తరవాతి దశాబ్దాల్లో పత్రికలు మారాయి, పాఠ్యపుస్తకాలు మారాయి, విశ్వవిద్యాలయాలు మారాయి. పండితులు భయపడినట్టు తెలుగు కొట్టుకుపోలేదు. కవిత్వం, కథ, నవల, శాస్త్రరచన అన్నీ ఆ వాడుక భాషలోనే పెరిగాయి. మీరు చదువుతున్న ఈ వ్యాసం కూడా ఆయన తెరిచిన దారిలో నడిచినదే.

మనకు మిగిలిన పాఠం

పంతులుగారి జీవితంలో మార్పు ఏనాడూ ఒక్క రోజులో రాలేదు. ఎఫ్.ఏ.కూ బి.ఏ.కూ మధ్య పదేళ్ళు. సవర వ్యాకరణానికి 35 ఏళ్ళు. భాషోద్యమానికి 33 ఏళ్ళు. భయాన్ని జయించడమంటే ఒక్కసారి గట్టిగా దూకడం అని మనం అనుకుంటాం. ఆయన విషయంలో అది ప్రతి ఉదయం కొద్దికొద్దిగా నేర్చుకోవడం. రెండో సంగతి, ఆయన పాతదాన్ని తృణీకరించి కొత్తదాన్ని పట్టుకోలేదు. పాతదాన్ని అందరికన్నా లోతుగా చదివి, ఆ బలంతోనే కొత్తదాన్ని సమర్థించారు. పునాది తెలిసినవాడికి గోడ మార్చడానికి భయం ఉండదు.

నేడు సరిహద్దు ప్రాంతాల తెలుగు ఇళ్ళల్లో ఇటువంటి భయమే వేరొక రూపంలో ఉంది. పిల్లలు బడిలో ఒడియానో, కన్నడమో, తమిళమో, మరాఠీయో, ఇంగ్లీషో చదువుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడినా చదవడం, రాయడం రాదు. ఈ వయసులో ఇప్పుడేం నేర్చుకుంటాంలే అని పెద్దలే నిరుత్సాహపడుతున్నారు. తమ తెలుగులో పొరుగు భాషల మాటలు కలిశాయని, కోస్తావారు విని నవ్వుతారని సిగ్గుపడేవారూ ఉన్నారు. సిగ్గుపడవలసింది లేదు. నోట నలిగే మాటకు గౌరవం ఉండాలని పంతులుగారు జీవితమంతా పోరాడింది ఇటువంటివారి కోసమే. రోజుకు పది నిమిషాలు పిల్లలతో కూర్చుని అక్షరాలు దిద్దించడానికి పాండిత్యం అక్కరలేదు. తనకు రాకపోతే పిల్లలతోపాటు తానూ దిద్దడానికి కొంచెం ధైర్యం మాత్రం కావాలి. పక్కింటివారి భాషను అంతే ప్రేమతో నేర్చుకోవడం కూడా ఆయన చూపిన మార్గమే. తెలుగు పిల్లవాడికి తెలుగు అడిగే మనం, ఒడియా పిల్లవాడికి ఒడియా, సవర పిల్లవాడికి సవర దక్కాలని కూడా కోరితేనే ఆయన వారసులమని చెప్పుకునే అర్హత మనకు వస్తుంది.

ఈసారి ఆగస్టు 29న పటానికి మాల వేసిన తరవాత ఇంటికి వచ్చి, ఇన్నాళ్ళూ వాయిదా వేసిన ఒక పనిని మొదలుపెడదాం. మొదటి ఫారానికి చరిత్ర చెప్పే 30 రూపాయల పంతులు నలభై నాలుగో ఏట మళ్ళీ విద్యార్థి కాగలిగినప్పుడు మనకు మాత్రం ఆలస్యమైందని అనుకోవడం దేనికి?